నదీమాతృకం, దేవమాతృకం: కల్పిత రాజ్యాలకు తగిన మాటలు

సందేహం: నేనొక ఊహాలోకపు నవల రాస్తున్నాను. అందులో ఒక రాజ్యం పెద్ద నది మీద, మరొకటి వానల మీద ఆధారపడతాయి. మూడవది ఎడారిలో ఉంటుంది. ఈ భేదాన్ని చెప్పే మాటలు మనకున్నాయా? మూడింటినీ సామ్రాజ్యాలని అనవచ్చా? నది ఒడ్డు రైతులు తొలకరి కోసం ఎదురు చూస్తున్నట్లు రాశాను, అది సరైనదేనా?

సమాధానం: మీకు కావలసిన మాటలు సంస్కృత నిఘంటువైన అమరకోశంలోనే ఉన్నాయి. నదీజలంతో పంట పండే దేశం నదీమాతృకం, వాననీటితో పండే దేశం దేవమాతృకం. నది తల్లిగా గలది, వాన తల్లిగా గలది అని వాటి విగ్రహవాక్యాలు. 'దేవ' శబ్దానికి ఇక్కడ మేఘమని అర్థం. సంస్కృత సమాసం కనుక 'నదీ' అని దీర్ఘంతోనే రాయాలి. 'నదీతీరం' సాధువు, 'నదీఒడ్డు' అనకూడదు, 'నది ఒడ్డు' అనాలి.

నీరు ఎక్కడి నుంచి వస్తుందన్న ఒక్క ప్రశ్నతో దేశాలను విడదీసిన ఈ పద్ధతి, కల్పిత రాజ్యాన్ని నిర్మించే రచయితకు ఎంతో ఉపకరిస్తుంది. ప్రాచీన ఈజిప్టును చూడండి. అక్కడ వాన దాదాపు లేదు. ఇథియోపియా ఎత్తుభూములలో కురిసిన వేసవి వానలే నైలు నదిని పొంగించి, పొలాలకు నీటినీ ఒండ్రునూ అందించేవి. నది ఉత్తరానికి పారుతుంది, గాలి ఎక్కువగా ఉత్తరం నుంచి వీస్తుంది. అందువల్ల దిగువకు పోయే పడవను ప్రవాహమూ, ఎగువకు పోయే పడవను తెరచాపా నడిపేవి. ఇరువైపులా ఎడారి కావడంతో జనం ఆ సన్నని పచ్చని నేలను విడిచి పోలేరు. ధాన్యమూ పన్నూ సైన్యమూ ఒకే దారిన కదిలే అటువంటి చోట, క్రీ.పూ. 3100 ప్రాంతంలోనే దేశమంతా ఒక్క రాజు ఏలుబడిలోకి రావడం సహజంగానే తోస్తుంది.

తెలంగాణ పీఠభూమి ఇందుకు భిన్నంగా దేవమాతృకం. వానలు కొద్ది నెలల్లో కురిసి వెళ్ళిపోతాయి కనుక, కాకతీయుల కాలంలో వాలు మీద పారే నీటిని కట్టలు వేసి నిలిపిన చెరువులే సేద్యానికి ఆధారమయ్యాయి. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడి పక్కన ఉన్న పెద్ద చెరువు అటువంటిదే. నీరు అనేక చోట్ల నిలిచినప్పుడు, దాన్ని నిలిపి కాపాడే సామంతులూ అనేక చోట్ల బలపడతారు. అందుచేత మీ రెండవ రాజ్యంలో చక్రవర్తి ఆజ్ఞ మారుమూల పల్లెకు నేరుగా చేరుతున్నట్లు రాస్తే నాకు నమ్మకం కుదరదు. నడుమ స్థానిక ప్రభువులను నిలిపితే కథకూ బలం వస్తుంది.

ఇక 'సామ్రాజ్యం' మాట. రాజసూయం చేసినవాడు, రాజమండలానికి, అంటే చుట్టూ ఉన్న రాజుల సముదాయానికి అధిపతి, తన ఆజ్ఞతో ఇతర రాజులను శాసించేవాడు సమ్రాట్టని అమరకోశం చెబుతుంది. వైశాల్యం ఎంతన్నది ఈ నిర్వచనంలో లేదు. కాబట్టి వేల క్రోసుల ఇసుకను ఏలినా, ఇతర రాజులెవరూ లోబడకపోతే అది రాజ్యమే. సిరియా ఎడారిలోని పాల్మైరా నగరం ఊటనీటి మీద, బిడారు వర్తకం మీద వృద్ధి చెందింది. దాని రాణి జెనోబియా క్రీ.శ. 270 ప్రాంతంలో ధాన్యసంపన్నమైన ఈజిప్టును ఆక్రమించింది. 272లో రోమన్ చక్రవర్తి ఆరేలియన్ ఆమెను ఓడించాడు. మీ మూడవ రాజ్యం కూడా పొరుగున ఉన్న పంటభూములను పట్టి, అక్కడి పాలకులను లోబరచుకున్న తరువాత మాత్రమే దాన్ని సామ్రాజ్యమనండి. అంతవరకు 'రాజ్యం' చాలు.

తొలకరి విషయంలో మీ వాక్యాన్ని మార్చవలసిందే. తొలకరి వర్షర్తువు ఆరంభాన్ని చెప్పే మాట. నదీమాతృక దేశపు రైతు ఆకాశం కేసి చూడడు, ఏటి కేసి చూస్తాడు. అతడు ఎదురు చూసేది పొంగు కోసం. 'వరద' అనే మాటలో మనకు భయం ధ్వనిస్తుంది కనుక అక్కడ అది పొసగదు. గోదావరి తీరంలో కొత్త వరదతో వచ్చే బురదనీటిని 'ఎర్రనీరు' అంటారు. మీ నది ఒండ్రు మోసుకువచ్చేదైతే ఆ మాటను నిస్సంకోచంగా వాడుకోండి; తొలకరిని రెండవ రాజ్యపు అధ్యాయాలకు ఉంచండి.