పావురాలైతే ఎక్స్‌పెరిమెంటల్, పిల్లలైతే అప్లైడ్... అంతేనా?

తమ్ముడూ, మాది గుణుపురం, ఎమ్మే సైకాలజీ, బిహేవియర్ ఎనాలిసిస్‌లో (ప్రవర్తన ఎందుకొస్తుందో, ఎలా మారుతుందో చూసే శాస్త్రం) ఎక్స్‌పెరిమెంటల్, అప్లైడ్, ట్రాన్స్‌లేషనల్ అని మూడు రకాల రీసెర్చ్ ఉందంట, డిసర్టేషన్‌కి ఏది పట్టుకోమంటారు అని అడిగావు. నేను మీ పక్కనే పర్లాకిమిడిలో ఆటిజం పిల్లలతో పనిచేస్తాను, రీసెర్చర్ని కాదు, కానీ ఈ తేడా ఒక గుంటడి దగ్గర దెబ్బతిన్నాకే నాకు బుర్రకెక్కింది.

ముందు ఒకటి, పావురాలైతే ఎక్స్‌పెరిమెంటల్, పిల్లలైతే అప్లైడ్ అనుకోకు. కాలేజీ కుర్రాళ్ళని కూర్చోబెట్టి బటన్ నొక్కించి పాయింట్లిచ్చినా అది ఎక్స్‌పెరిమెంటలే, ఆ నొక్కుడుతో వాళ్ళ బతుకులో మారేదేం లేదు, రీఇన్‌ఫోర్స్‌మెంట్, అంటే ఫలితం దక్కితే ఆ పని మళ్ళీ మళ్ళీ చెయ్యడం, ఎలా పనిచేస్తుందో చూడ్డమే పని. ల్యాబ్‌లో పావురాలతో ప్రయోగాలు చేసిన సైకాలజిస్టు స్కిన్నర్ వేసిన దారి ఇది, 1958లో దానికి సొంత జర్నల్ కూడా వచ్చింది. అప్లైడ్ జర్నల్ 1968లో వచ్చింది, ఆ ఏడాదే బేర్, వుల్ఫ్, రిస్లీ అనే ముగ్గురు రీసెర్చర్లు అందులో రాసింది ఏటంటే, పట్టుకున్న ప్రవర్తన ఆ మనిషికీ సమాజానికీ ముఖ్యమైంది అయ్యుండాలి, మార్పు కూడా పనికొచ్చేంత కనబడాలి అని.

ఇక మా గుంటడు. ఆరేళ్ళు, మరమరాల డబ్బా కోసం తల గోడకేసి కొట్టుకునేవాడు. తల కొట్టుకుంటే ఇవ్వడం మానేసి, "ఇవ్వు" అంటే ఆ క్షణమే ఇచ్చాం, రెండు నెలల్లో దాదాపు ఆగిపోయింది, నేను తెగ మురిసిపోయాను. సంక్రాంతికి ఇంటినిండా చుట్టాలు, వాడు ఇవ్వు ఇవ్వు అని ఎంత అన్నా ఎవరికీ వినబడలేదు, మళ్ళీ గోడే. "ఇదేనా మేస్టారూ మీరు నేర్పింది" అంది వాళ్ళమ్మ. నేనేమో తప్పంతా ఇంట్లోవాళ్ళ మీదకి నెట్టేశాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తది.

తర్వాత చదివితే తెలిసింది, దీనికి రిసర్జెన్స్ అని పేరే ఉంది. పాత పనికి గింజలు ఆపి, కొత్త పనికి ఇచ్చి, తర్వాత అదీ ఆపేస్తే పావురం కూడా పాత పనికే తిరిగొస్తది. ఇంకోటి, 2010లో మేస్ అనే రీసెర్చర్ బృందం చూపించింది ఏటంటే, ఉన్నచోటే కొత్త పనికి బహుమతి పోస్తే చెడ్డ అలవాటు తగ్గినట్టే తగ్గుతుంది గానీ, బహుమతులన్నీ ఆపేసినప్పుడు అదే ఇంకా మొండిగా నిలబడుతుంది. దీన్ని పిల్లల్లో చూశారు, ఎలకల మీద మోడల్ కట్టి, కొత్త పని వేరే చోట నేర్పి కలిపితే ఏమవుద్దో పరీక్షించారు, ఆ ఉపాయాన్ని మళ్ళీ పిల్లల దగ్గరకి తెచ్చారు. ట్రాన్స్‌లేషనల్ అంటే ఇదిగో ఈ రాకపోకలే. ల్యాబ్ నుంచి క్లినిక్‌కి ఒక్క వైపే బండి అనుకునేవాణ్ణి, కాదు, నౌపడ-గుణుపురం రైలుబండిలాగ వెళ్తది, వస్తది.

మేం మాత్రం మొదటి నుంచీ కాసేపు ఆగడం కూడా నేర్పాల్సింది. ఇప్పుడు "డబ్బా ఖాళీ, ఆగు" అని ముందు ఐదు సెకన్లు, తర్వాత పది, అలాగ పెంచుకుంటూ వస్తున్నాం.

నీ సంగతికొస్తే, పేరు బావుందని ట్రాన్స్‌లేషనల్ జోలికెళ్ళకు, రెండు వైపులా తెలిసిన గైడ్ లేకపోతే ఇరుక్కుపోతావు. ఇద్దరు ముగ్గురు పిల్లలు, ఒక్కొక్కరినీ రోజూ కొలవడం, తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి, కాలేజీ ఎథిక్స్ వాళ్ళ ఓకే, ఇలా చిన్న అప్లైడ్ స్టడీ అయితే ఏడాదిలో అయ్యే పని. డేటా షీటు గీసుకోవడం తెలియకపోతే చెప్పు, నాది ఖాళీది ఫొటో తీసి పెడతాను.