చిన్న డీజిల్ మోటార్‌హోమ్‌లలో కుటుంబానికి ఏది మేలు? మన్ననూరు గేటు దగ్గర గడిపిన ఒక రాత్రి నుంచి నా జవాబు

దేవరకొండ నుంచి ప్రశ్న అడిగిన మిత్రులు తమ ఇంట్లో భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, డెబ్బై దాటిన తల్లి ఉన్నారని రాశారు. ఫోర్స్ కంపెనీ ట్రావెలర్, అర్బేనియా, టాటా వింగర్ వంటి డీజిల్ వ్యాన్ల మీద కట్టిన మోటార్‌హోమ్‌లలో ఏది తీసుకోవాలో, ఏసీ, బాత్‌రూమ్‌లలో ఏది లేకున్నా నడుస్తుందో చెప్పమన్నారు. మా ఇంటి లెక్క కూడా అచ్చంగా అదే. నల్లగొండ నుంచి గత మూడేళ్లలో నాలుగు వేర్వేరు బండ్లను అద్దెకు తీసుకొని శ్రీశైలం, సోమశిల, అలంపురం, నాగార్జునసాగర్ తిరిగి వచ్చాము. ఆ నాలుగు ప్రయాణాల తర్వాత నాకు స్థిరపడిన అభిప్రాయం ఒక్కటే. ఈ బండ్లను రోడ్డు మీద ఎలా నడుస్తాయన్నదాన్ని బట్టి పోల్చడం వల్ల కుటుంబానికి ఒరిగేది చాలా తక్కువ. ఇంజన్ ఆపిన తర్వాత రాత్రి పదింటి నుంచి తెల్లవారుజామున ఐదింటి వరకు లోపల ఐదుగురు ఎలా పడుకుంటారన్నదాన్ని బట్టే పోల్చాలి.

ఈ అభిప్రాయానికి కారణం మా మొదటి ప్రయాణం. అది మే నెల. నల్లగొండ నుంచి మల్లేపల్లి, దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలం వెళ్లాలని సాయంత్రం ఆలస్యంగా బయలుదేరాము. దారి పొడవునా ప్రతి ఊరి మొదట్లో ఒకటి, చివర ఒకటి స్పీడ్ బ్రేకర్ ఉండడం, వాటిలో సగానికి సున్నపు గీత కూడా లేకపోవడం వల్ల మూడో ఊరు దాటేసరికి వంటింటి అలమారా తెరుచుకొని స్టీలు గిన్నెలన్నీ కింద పడ్డాయి. పప్పు డబ్బా మూత ఊడి కందిపప్పు సీట్ల కిందికి పారింది. దాన్ని ఏరుకుంటూ, డిండి దగ్గర భోజనానికి ఆగుతూ మన్ననూరులోని అటవీ శాఖ గేటు చేరేసరికి తొమ్మిది దాటి పది నిమిషాలైంది. అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా వెళ్లే ఆ రోడ్డు మీద రాత్రి తొమ్మిదింటి నుంచి పొద్దున ఆరింటి వరకు రాకపోకలు ఆపేస్తారు. అడవి జంతువుల కోసం పెట్టిన ఆ నియమం న్యాయమైనది, దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. పక్కనే టీ కొట్టు మూస్తున్న పెద్దమనిషి మమ్మల్ని చూసి, "సార్, ఇగ పొద్దుగాల ఆరింటికే గేటు తీస్తరు. పిల్లలను బయట పండవెట్టకుండ్రి, బండ్లనే ఉండుండ్రి" అని చెప్పి వెళ్లాడు.

బండిలో ఏసీ ఉంది కదా అని మేము ధైర్యంగానే ఉన్నాము. తలుపులు వేసుకొని, సోఫాలు పరిచి పడకలు చేసుకొని, ఏసీ వేసుకొని పడుకున్నాము. ముప్పావు గంట గడిచిందో లేదో ఏసీ ఆగిపోయింది. దానితోపాటు దీపాలు, చిన్న ఫ్యాను, చివరికి కొళాయి కూడా ఆగిపోయాయి. కొళాయికి నీళ్లు తోసే పంపు అదే బ్యాటరీ మీద నడుస్తుందన్న సంగతి మాకు అప్పుడే తెలిసింది. ఏసీ కోసం తీర్చిదిద్దిన బండి కనుక కిటికీలన్నీ తెరవడానికి వీల్లేని గాజు పలకలు. పగలంతా ఎండలో కాలిన ఇనుప పైకప్పు లోపలికి ఇంకా వేడిని వదులుతూనే ఉంది. చేయి పైకెత్తి లోపలి పలకను తాకితే దించిన అన్నం గిన్నె మూతను తాకినట్టు వెచ్చగా తగిలింది. "కొడుకా, గాలాడుతలేదు, ఆ తలుపన్న తెరువరాదు" అని అమ్మ అడిగింది. తలుపు తెరిస్తే దోమలు, మూస్తే ఉక్క. డ్రైవర్ తమ్ముడు ఇంజన్ వేసి ఉంచుతానన్నాడు, కాసేపు వేశాడు కూడా. అయితే నిలిచిన బండి పొగ తెరిచిన తలుపులోంచి లోపలికి రావడం మొదలయ్యేసరికి నేనే ఆపించాను.

రాత్రి రెండింటికి అమ్మకు బాత్‌రూమ్ అవసరమైంది. బండిలోని బాత్‌రూమ్‌లో నీళ్లు రావు, బయటికి వెళ్దామంటే అడవి అంచు. ఆమెకు మోకాళ్ల నొప్పులు. మొదటి మెట్టు నేల నుంచి దాదాపు మూరెడు ఎత్తు ఉండడంతో ఆమె తలుపు కమ్మీ పట్టుకొని చాలాసేపు కాలు దించలేక నిలబడింది. టీ కొట్టు బయట బోర్లించి ఉన్న ఎర్రటి కూల్‌డ్రింకు క్రేటును తెచ్చి మెట్టు కింద వేస్తే, నా భార్య ఒక చేయి, నేను ఒక చేయి పట్టుకొని దించాము. తాగడానికి తెచ్చుకున్న నీళ్ల సీసా ఖర్చైపోయింది. ఆ తర్వాత ఆమె మళ్లీ లోపలికి ఎక్కనని చెప్పి తెల్లవారే వరకు ఆ క్రేటు మీదనే కొంగు కప్పుకొని కూర్చుంది. నేను పక్కన నిలబడి దోమలు తోలాను. శ్రీశైలంలో దర్శనం చక్కగా జరిగినా, ఆ రాత్రి అమ్మ కూర్చున్న తీరు గుర్తొస్తే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఇంటికి వచ్చాక లెక్క వేసి చూస్తే తప్పెక్కడుందో అర్థమైంది. ఆ బండిలో ఉన్నది మన ఇళ్లలో ఇన్వర్టర్‌కు వాడే 150 ఆంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఒక్కటే. 12 వోల్టులతో గుణిస్తే 1,800 వాట్-అవర్లు, అంటే రెండు యూనిట్లకు కొంచెం తక్కువ. అటువంటి బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది కనుక మనకు నిజంగా దక్కేది 900 మాత్రమే. ఒక టన్ను ఏసీ పూర్తి వేగంతో నడిస్తే గంటకు సుమారు ఒక యూనిట్ తింటుంది. ఇక ముప్పావు గంటకు ఆగిపోకుండా ఏమవుతుంది? అదే 100 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అయితే 12.8 వోల్టుల చొప్పున 1,280 వాట్-అవర్లు నిల్వ చేస్తుంది, అందులో అధిక భాగం వాడుకోవచ్చు, బరువు కూడా చాలా తక్కువ. ఇన్వర్టర్ ఏసీని తక్కువ వేగంలో రాత్రంతా నడపాలన్నా అటువంటివి కనీసం నాలుగు కావాలి. పైకప్పులో అమర్చే 12 వోల్టుల వెంట్ ఫ్యాన్ మాత్రం 30, 40 వాట్లతో వేడి గాలిని పైకి లాగేస్తుంది. ఎనిమిది గంటలు నడిచినా యూనిట్‌లో మూడో వంతు దాటదు. అందువల్ల అమ్మేవారిని "ఏసీ ఉందా?" అని అడగకండి. "బయటి నుంచి తీగతో ఇచ్చే మెయిన్ కరెంటు లేకుండా ఏసీ ఎన్ని గంటలు నడుస్తుంది, అది ఆగిన తర్వాత కూడా పంపు, ఫ్యాను, దీపాలు నడుస్తాయా?" అని అడగండి. తెరుచుకునే కిటికీలు, వాటికి దోమతెరలు, పైకప్పులో ఫ్యాను, గోడల్లోనూ పైకప్పులోనూ వేడిని ఆపే మందమైన ఫోమ్, తెల్లని రంగు, ఇవి ఉన్న బండి పెద్ద ఏసీ ఉన్న బండి కన్నా నల్లగొండ వేసవికి మేలు. వేసవిలో 45 డిగ్రీలు చూసే ఊళ్లలో నేను ఈ విషయంలో రాజీ పడలేను.

ఇక మీరు అడిగిన మూడు బండ్ల సంగతి. ట్రావెలర్‌లోనూ అర్బేనియాలోనూ 2.6 లీటర్ల డీజిల్ ఇంజనే ఉంటుంది. అర్బేనియాలో అది 115 హార్స్‌పవర్, 350 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాలను తిప్పే బలం) ఇస్తుంది. 3,350, 3,615, 4,400 మిల్లీమీటర్ల వీల్‌బేస్‌లలో, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరాలతో, ఆ బండి దొరుకుతుంది. వింగర్‌లో 2.2 లీటర్ల ఇంజన్, ముందు చక్రాల డ్రైవ్. ఈ చివరి మాటను చాలామంది పట్టించుకోరు గానీ, వెనక చక్రాలకు శక్తిని చేరవేసే షాఫ్ట్ నేల కింద ఉండదు కనుక ముందు చక్రాల డ్రైవ్ ఉన్న బండిలో నేలను కిందికి దించి కట్టడం సులువు. మోకాళ్లు నొప్పి పెట్టే పెద్దవారికి అది నేరుగా మేలు చేసే గుణం. దానికి ప్రతిగా, నీళ్ల ట్యాంకు, సామాను అంతా వెనక నింపి ఈగలపెంట దాటి పాతాళగంగ వైపు ఘాట్ రోడ్డు దిగి ఎక్కేటప్పుడు ముందు చక్రాల మీద బరువు తగ్గి, తడి రోడ్డు మీద పట్టు కొంత సడలుతుంది. వెనక చక్రాల డ్రైవ్ ఉన్న ట్రావెలర్, అర్బేనియాలకు ఆ ఇబ్బంది తక్కువ. ఘాట్ ఎక్కడానికి నెమ్మదిగా తిరుగుతున్నా బలంగా లాగే డీజిల్ ఇంజన్ సరిపోతుంది. మూడింటిలో దేనితోనూ మీ కుటుంబానికి శక్తి చాలదన్న మాట రాదు.

డీజిల్ గురించి మరొక జాగ్రత్త చెప్పాలి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 అనే పొగ నియమాల ప్రకారం వచ్చిన డీజిల్ బండ్లలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది శుభ్రం కావాలంటే బండి కొంతసేపు హైవే వేగంలో నడిచి వేడెక్కాలి. ఏసీ కోసమో బ్యాటరీ కోసమో ఇంజన్‌ను గంటల తరబడి నిలబెట్టి నడిపితే ఆ ఫిల్టర్ నిండుతుంది. అంతకన్నా ముఖ్యం, పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. నిద్రపోతున్న పిల్లలకు అది ప్రాణాపాయం. ఇంజన్ నడిచేటప్పుడే లోపలి దీపాలు, ఫ్యాను, పంపు నడిపే బ్యాటరీని నింపే డీసీ-డీసీ చార్జర్ పెట్టించుకుంటే నాలుగు గంటల ప్రయాణంలో సుమారు రెండు యూనిట్లు నిండుతాయి. పైన 400 వాట్ల సోలార్ పలకలు ఉంటే మన ఎండలో రోజుకు మరో ఒకటిన్నర, రెండు యూనిట్లు వస్తాయి.

యూరప్ వారి వీడియోలు చూసి ఫీచర్లు రాసుకునే అలవాటు మా బావమరిదికి ఉంది, మీకూ ఉండవచ్చు. అక్కడ మామూలు కారు లైసెన్సుతో 3,500 కిలోల వరకే నడపవచ్చు కనుక ఆ బండ్లన్నీ ఆ బరువులో ఒదిగేలా తయారవుతాయి. చలికాలం కోసం బండి ట్యాంకులోని డీజిల్‌తోనే లోపలి గదిని వేడి చేసే హీటర్ అక్కడ గొప్ప సౌకర్యం. పాలమూరు, నల్లగొండ జిల్లాలవారికి దాని మీద పెట్టే డబ్బు దండగ. మన దగ్గర మోటారు వాహనాల చట్టం ప్రకారం 7,500 కిలోల లోపు బండి తేలికపాటి వాహనమే కనుక బరువు పరిమితి మనల్ని అంతగా పీడించదు. పీడించేది ఆ చట్టంలోని 52వ సెక్షన్. రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని అది నిషేధిస్తుంది. పాత ప్యాసింజర్ బండిని కొని వడ్రంగితో మంచాలు కొట్టించుకుందామన్న ఆలోచన మీకుంటే దయచేసి మానుకోండి. పత్రంలో మోటార్ క్యారవాన్ అని ఉన్న బండినే కొనండి.

నాకు చాలా బాధ కలిగించే విషయం మరొకటుంది. మన దగ్గర ఈ బండ్లు కట్టేవారిలో చాలామంది మనసులో సినిమా వాళ్ల క్యారవాన్ నమూనాయే ఉంది. పెద్ద టీవీ, రంగురంగుల లైట్లు, నిలువుటద్దం, గోడ వెంబడి పొడుగాటి సోఫా. షూటింగ్ దగ్గర జనరేటర్ పక్కన నిలిచే బండికి అవి సరిపోతాయి. పిల్లలతో హైవే మీద వెళ్లే బండిలో గోడ వెంబడి అడ్డంగా ఉండే సోఫా ప్రమాదం. గట్టిగా బ్రేక్ వేస్తే పక్కకు తిరిగి కూర్చున్న పిల్లవాణ్ణి ఆపేది ఏదీ ఉండదు. ఐదుగురికీ ముందుకు చూసే సీట్లు, నేలకు బిగించిన బెల్టులు ఉన్నాయో లేదో స్వయంగా కూర్చొని చూడండి. ఎంతమంది పడుకోవచ్చన్న సంఖ్య వేరు, ఎంతమంది బెల్టు పెట్టుకొని ప్రయాణించవచ్చన్న సంఖ్య వేరు. ప్రకటనల్లో మొదటిదే కనిపిస్తుంది. పడకల్లో ఒక్కటైనా రోజూ విప్పి పరిచే అవసరం లేనిదై ఉండాలి, పెద్దావిడ మధ్యాహ్నం కూడా నడుం వాల్చాలనుకుంటుంది. అలమారాలకు అయస్కాంతపు గొళ్లెం చాలదు, నొక్కితేనే తెరుచుకునే గట్టి గొళ్లెం కావాలి. మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్లను ఎరిగినవారికి దీన్ని వివరించనక్కరలేదు.

బాత్‌రూమ్ లేకున్నా నడుస్తుందా అని అడిగారు. నడవదు. స్నానానికి వేరే చోటు చూసుకోవచ్చు గానీ మరుగుదొడ్డి తప్పనిసరి. బయటికి తీసి ఖాళీ చేసే క్యాసెట్ రకంలో సుమారు 20 లీటర్లు పడతాయి, ఐదుగురికి రెండు రోజులకు మించి రాదు. దాన్ని ఖాళీ చేయడానికి మన జిల్లాల్లో నాకు ఎక్కడా ఏర్పాటు కనబడలేదు. దిగిన హోటల్‌లో అనుమతి అడిగి వారి మరుగుదొడ్డిలోనే పోసి కడుగుతున్నాము. ఇన్ని యాత్రా స్థలాలున్న ప్రాంతంలో బస్టాండ్ల దగ్గరైనా ఆ సౌకర్యం కల్పించాలి. మంచినీళ్లకు 100 లీటర్ల ట్యాంకు చాలు, అది నిండితేనే 100 కిలోల బరువు. కరెంటు లేకున్నా పనిచేసే కాలి పంపు ఒకటి అదనంగా పెట్టించుకోండి. దాని ఖర్చు చాలా తక్కువ, మా ఆ రాత్రికి అది ఒక్కటి ఉన్నా చాలు.

సోమశిలకు వెళ్లిన మూడో బండిలో ఏసీ చిన్నదే. కిటికీలు తెరుచుకునేవి, పైన ఫ్యాను, తలుపు తీయగానే బయటికి జరిగి కిందికి వచ్చే మెట్టు ఉన్నాయి. కృష్ణ ఒడ్డున బండి నిలిపి పడుకుంటే పిల్లలు ఒక్కసారీ లేవలేదు, అమ్మ రాత్రి మూడింటికి ఎవరినీ లేపకుండా తనే బాత్‌రూమ్‌కు వెళ్లి వచ్చి పడుకుంది. అందువల్ల మీకు నా సలహా ఇది. ఇరుకు సందుల్లో తిప్పడానికి వీలుగా పొట్టి వీల్‌బేస్ బండిని చూడండి, నేల ఎత్తు తక్కువగా ఉన్నదానికి మొగ్గు చూపండి. అడ్వాన్స్ ఇచ్చే ముందు ఆ బండినే ఒక్క రాత్రికి అద్దెకు అడిగి, మే నెలలో, మెయిన్ కరెంటు తగిలించకుండా, మీ ఇంటి ముందే నిలిపి, మీ అమ్మగారితో సహా అందరూ అందులో పడుకోండి. అందుకు ఒప్పుకోని వారి దగ్గర కొనవద్దు.