ఫోర్ట్రాన్ భాషలో రాసిన కోడ్‌ని కంప్యూటర్ నడపగలిగే రూపంలోకి మార్చే కొత్త కంపైలర్ ఎల్‌ఫోర్ట్రాన్. అది ఎంతవరకు వచ్చిందో ఎలా తెలుస్తుంది?

సపోర్ట్ చేసే ఫీచర్ల జాబితా చూసి అంచనా వేయకండి. ఎవరో ఏళ్ల క్రితం రాసిన కోడ్‌ని కంపైల్ చేస్తోందా, ఫలితాలు సరిగ్గా వస్తున్నాయా అన్నదే అసలు కొలత. ఈ ఓపెన్ సోర్స్ కంపైలర్ బృందం పెట్టుకున్న మైలురాళ్లూ అలాంటివే: మిన్‌ప్యాక్ (నాన్‌లీనియర్ సమీకరణాల లైబ్రరీ), సైపై అనే పైథాన్ సైన్స్ లైబ్రరీలోని ఫోర్ట్రాన్ భాగం, ల్యాప్యాక్ (లీనియర్ ఆల్జీబ్రా లైబ్రరీ).

పార్సింగ్, అంటే కోడ్‌ని చదివి దాని నిర్మాణాన్ని గుర్తించడం, తొందరగానే అయిపోయింది. 2021 నాటికే ఫోర్ట్రాన్ 2018 సింటాక్స్‌ని చదవగలిగేది. కష్టమంతా ఆ తర్వాతే. పాత కోడ్‌లో సబ్‌రొటీన్‌కి ఏ(1,1) అని ఒక్క ఎలిమెంట్ పంపిస్తారు. అవతల దాన్ని అక్కణ్నుంచి మొదలయ్యే అర్రేగా అందుకుంటారు. స్టాండర్డ్ దీన్ని ఒప్పుకుంటుంది, ల్యాప్యాక్‌లో ఇది అడుగడుగునా కనిపిస్తుంది. టైపుల్ని గట్టిగా చెక్ చేసే కొత్త కంపైలర్‌కి ఇది నిజంగా తలనొప్పి. అందుకే ల్యాప్యాక్ కంపైల్ అవడాన్ని నేను చాలా పెద్ద విషయంగా చూస్తాను.

మిగతా ఫోర్ట్రాన్ కంపైలర్లకీ టైమ్ పట్టింది. జీసీసీ అనే ఓపెన్ సోర్స్ కంపైలర్ల సముదాయంలోని జీఫోర్ట్రాన్ 2005లో, జీసీసీ 4.0తో, పాత జీ77 కంపైలర్ స్థానంలోకి వచ్చింది. కొత్త ఫ్లాంగ్ అనే మరో కంపైలర్ కోడ్ 2020లోనే ఎల్ఎల్‌వీఎం (కంపైలర్లు తయారుచేసే ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్) రిపాజిటరీలో చేరినా, ‘ఫ్లాంగ్-న్యూ’ అన్న కమాండ్ పేరు ‘ఫ్లాంగ్’గా మారింది 2025లో, వెర్షన్ 20తో.

మీ రోజువారీ పనికి ప్రస్తుతానికి జీఫోర్ట్రాన్‌నే వాడండి. పక్కనే అదే కోడ్‌ని ఎల్‌ఫోర్ట్రాన్‌తోనూ బిల్డ్ చేయండి. ఎక్కడైనా ఆగిపోతే, ఆ తప్పు మళ్లీ కనిపించేలా పది లైన్లకు కుదించి బగ్ రిపోర్ట్ పెట్టండి. డెవలపర్లకు అంతకు మించిన సాయం లేదు.