ఫిలిప్పీన్స్ చర్చిల పాత రిజిస్టర్లు స్కాన్ చేస్తే సరిపోదా?

అడిగిన ప్రశ్న: ఫిలిప్పీన్స్ చర్చిల్లో వందల ఏళ్ళనాటి బాప్టిజం, పెళ్ళి, ఖననం రిజిస్టర్లను ఎలా కాపాడాలి? అన్నీ స్కాన్ చేసేస్తే అయిపోదా?

అయిపోదు. మా ఆవిడది ఇలోయిలో ప్రావిన్స్. వాళ్ళ అమ్మమ్మకి పాస్‌పోర్ట్ చేయించబోతే జనన ధ్రువీకరణ పత్రమే లేదు. రెండో ప్రపంచయుద్ధంలో పాత రికార్డులు తగలబడిపోయాయని మున్సిపల్ ఆఫీసులో చెప్పారు. జననాన్ని ఇప్పుడు కొత్తగా నమోదు చేయించాలంటే అక్కడ ముందుగా అక్కరకొచ్చేది బాప్టిజం సర్టిఫికెట్టే. అందుకని చర్చికి వెళ్ళాం.

ఆఫీసు చూసుకునే పెద్దావిడ బీరువా తీసి 1930ల నాటి పుస్తకం బల్ల మీద పెట్టింది. పేజీ దొరికింది. కానీ చిరిగినచోట ఎవరో పుణ్యాత్ములు సెల్లోటేప్ అతికించారు. టేప్ ఎప్పుడో ఊడిపోయింది, జిగురు మాత్రం ముదురు గోధుమరంగులో కాగితంలోకి ఇంకి సరిగ్గా తల్లి పేరు మీదే కూర్చుంది. మా అత్తగారు గోటితో గీకబోతే పెద్దావిడ చెయ్యి పట్టుకుని ఆపేసింది.

అమెరికాలో యూటా రాష్ట్రపు వంశావళి సంఘం వాళ్ళు దశాబ్దాల క్రితమే అక్కడి చర్చి రిజిస్టర్లు చాలావాటిని మైక్రోఫిల్మ్ తీశారు. ఆ బొమ్మలు ఇప్పుడు ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైట్‌లో ఉన్నాయి. టేప్ పడకముందు తీసిన ఫొటోలో పేరు శుభ్రంగా కనబడింది. "చూశారా, స్కానే గెలిచింది" అనకండి. ఆ ప్రింటు పట్టుకెళ్తే మున్సిపల్ ఆఫీసులో చెల్లదన్నారు. చర్చి ముద్ర ఉన్న సర్టిఫికెట్ కావాలట. పుస్తకమే లేకపోతే చర్చివాళ్ళు దేన్ని చూసి ముద్ర వేస్తారు?

మేం ఎదురుచూస్తుంటే ఆవిడ ఇంకా పాత పుస్తకం ఒకటి చూపించింది. 1849లో అక్కడి స్పెయిన్ గవర్నర్ జనరల్ క్లావెరియా, జనానికి కొత్త ఇంటిపేర్లు ఇవ్వడానికి ఊళ్ళకి ఇంటిపేర్ల పట్టిక పంచిపెట్టాడు. ఇలోయిలోలోని ఓటన్ ఊళ్ళో ఇంటిపేర్లు చాలావరకు 'ఓ'తో మొదలవడం ఆ పంపకం ఫలితమే. అంతకుముందు డె లా క్రూజ్ అనే ఒకే ఇంటిపేరుతో ఎందరో! ఎవరు ఏ ఇంటిపేరుకి మారారో పట్టుకోవాలంటే ఈ పుస్తకాలే దిక్కు. ఇనుపలవణంతో చేసిన ఆనాటి సిరా గాలిలో తేమ తగిలి కాగితాన్నే తినేస్తోంది. కొన్నిచోట్ల అక్షరం ఉండాల్సిన చోట చిల్లు ఉంది.

1945లో మనీలా యుద్ధం ఇంట్రామురోస్‌ని, అంటే కోటగోడల మధ్య ఉన్న పాత మనీలాని, దాదాపు నేలమట్టం చేసింది. 2013 భూకంపం బొహోల్ దీవిలో లోబోక్ చర్చిని కొంత, లూన్ చర్చిని పూర్తిగా కూల్చింది. అయినా నన్నడిగితే యుద్ధాలకంటే, చెదలకంటే టేపూ లామినేషనూ చేసిన నష్టమే ఎక్కువ. చిరుగుకి పల్చటి జపాన్ కాగితం, గోధుమ గంజి చాలు. అవసరమైతే తడిపి తీసేయొచ్చు. లామినేషన్ని ఎవరు తీయగలరు? మనవాళ్ళూ తక్కువేం కాదు, టెన్త్ మెమో నుంచి తాతల భూమి దస్తావేజు దాకా అన్నిటికీ ప్లాస్టిక్ తొడిగేస్తారు. పండక్కి చర్చి గోడలకి రంగులేయడానికి చందాలొస్తాయి, మంచి బీరువాకి మాత్రం రావు.

మీరూ ఇలాంటి పని మీద వెళ్తుంటే ఇంటిపేరొక్కటే పట్టుకెళ్ళకండి. పాత రిజిస్టర్లు చాలావాటిలో సూచిక సొంతపేరు మీద ఉంటుంది. జ్ఞానస్నాన తల్లిదండ్రుల (బాప్టిజం వేళ బిడ్డ తరఫున నిలబడేవాళ్ళ) పేర్లు తెలిస్తే అవీ రాసుకెళ్ళండి. ఒకే పేరుతో ఇద్దరు పిల్లలు తగిలినప్పుడు తేల్చేది అవే.