నల్ల ఇసుక గురించి యువ రచయిత్రికి

అమ్మాయీ,

హవాయి పెద్ద ద్వీపం మీద నువ్వు రాసిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. ‘కాటుక పరిచినట్టున్న తీరం’ అన్న పోలిక మొదటిసారి ముచ్చటగానే తోచింది. రెండోసారి అదే అడ్డుపడింది, ఎందుకంటే ఆ ద్వీపంలోని పొలోలు తీరాన్నీ పొహోయికి తీరాన్నీ ఒకే కాటుకతో దిద్ది, వాటి మధ్యనున్న లక్ష ఏళ్ళ దూరాన్ని చెరిపేశావు.

పొహోయికి తీరపు ఇసుక నీకన్నా చిన్నది. 2018 మే నెలలో కిలవేయా అగ్నిపర్వతం ఆ ద్వీపంలోనే ఉన్న పూనా ప్రాంతంలో నేలను చీల్చుకుని పొంగినప్పుడు, సముద్రంలోకి దిగిన లావా చన్నీటి తాకిడికి పగిలి గాజు నలుసులైంది. కెరటాలు వాటిని ఒడ్డు వెంట నెట్టుకొచ్చి, అంతకుముందు లేని తీరాన్ని కొద్ది నెలల్లోనే పోశాయి. పొలోలు కథ వేరు. అక్కడి కొహాల అగ్నిపర్వతం చల్లారి లక్ష ఏళ్ళు దాటింది కనుక, లోయలోని ఏరూ సముద్రమూ పాత నల్లరాతిని తీరిగ్గా అరగదీసిన పొడి అది. ఇక మీ భీమిలిలో కెరటం వెనక్కి తగ్గాక మిగిలే నల్ల చారలకు అగ్నిపర్వతంతో పనే లేదు. తూర్పు కనుమల రాళ్ళ నుంచి కొట్టుకొచ్చిన ఇల్మనైట్ అనే నల్ల ఖనిజం బరువైనది కాబట్టి, తేలిక ఇసుక కదిలిపోయినా అది నిలిచిపోతుంది. చిన్నప్పటి నుంచీ ఆ నలుపును తొక్కుతూ పెరిగినదానివి, ఈ తేడా నీ కంటికి ముందు పడవలసింది.

‘ఏకాంతం’ అన్న మాటను అయిదుసార్లు వాడావు, అది ఎలా వచ్చిందో ఒక్కసారీ అడగలేదు. పొలోలులో 270వ నంబరు రహదారి ముగిసిన చోట నుంచి సుమారు 400 అడుగులు దిగవలసిన నిట్టనిలువు బాట ఉంది; వాన పడితే అది జారుడుబండే. ఆ దిగుడును నువ్వు ‘కిందికి చేరుకున్నాము’ అని ఒక్క ముక్కలో దాటేశావు, నేనైతే అక్కడే ఒక పేజీ ఆగేవాడిని. కింద ఇప్పుడు నిర్మానుష్యంగా కనిపించే లోయలో ఒకప్పుడు చేమ మళ్ళు ఉండేవి. పొహోయికి తీరపు ఏకాంతం మరీ కొత్తది: ఆ విస్ఫోటనంలో ఏడు వందలకు పైగా ఇళ్ళు పోయాయి, పడవలు దింపే రేవు ఇసుకతో పూడిపోయింది, జాలర్లు హిలో పట్టణం దాకా వెళ్ళవలసి వచ్చింది. నువ్వు ప్రశాంతమైన మడుగని రాసినది వారి రేవే. ఆ వాక్యాన్ని తీసెయ్యమనను, పక్కన ఈ సంగతి కూడా ఉండాలంటాను.

‘శాశ్వత సౌందర్యం’ మాత్రం కొట్టెయ్యి. అదే పూనాలో పేరుమోసిన కైము నల్ల ఇసుక తీరాన్ని 1990లో లావాయే కప్పేసింది. లావా రావడం ఆగితే కొత్త ఇసుక రాదు, ఉన్నదాన్ని సముద్రం మెల్లగా పట్టుకుపోతుంది.

చివర, పిడికెడు ఇసుక జేబులో వేసుకున్నానని రాసి, మళ్ళీ సిగ్గుపడి కొట్టేసినట్టున్నావు. హవాయి చట్టం దాన్ని ఒప్పుకోదు, అక్కడి వారూ ఒప్పుకోరు. అయినా వ్యాసం మొత్తంలో నువ్వు నిజంగా కనిపించినది ఆ గీత కిందే. దాన్ని తిరిగి పెట్టి, ఆ పిడికెడు ఇప్పుడు ఏ సీసాలో ఉందో, దాన్ని చూస్తే నీకేమనిపిస్తోందో రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు