లంబోర్గిని మియురాలో ఇంజిన్ అడ్డంగా ఎందుకు ఉంటుంది?

ముఖ్య కారణం చోటు. ఇటలీ స్పోర్ట్స్ కారు మియురాది 12 సిలిండర్ల, 3.9 లీటర్ల ఇంజిన్. దాన్ని సీట్ల వెనక కారు పొడవు దిశలో పెట్టి, ఆ వెనక గేర్‌బాక్స్ బిగిస్తే కారు బాగా పొడుగైపోతుంది. అందుకే లంబోర్గిని ఇంజినీర్లు జాన్‌పావ్లో దల్లారా, పావ్లో స్తాన్జానీ ఇంజిన్‌ను అడ్డం తిప్పారు. బ్రిటన్ చిన్న కారు మినీ అప్పటికే చూపించిన దారి ఇది. ఇంజిన్, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ (వెనక చక్రాలు రెంటికీ శక్తిని పంచే గేర్లు) మూడూ ఒకే పోత లోహపు పెట్టెలో ఇమిడిపోయాయి.

ఇబ్బంది కూడా అక్కడే మొదలైంది. ఇంజిన్‌కీ గేర్లకీ ఒకటే ఆయిల్. గేర్ పళ్లు అరిగి రాలే లోహపు రజను అదే ఆయిల్‌తో బేరింగుల దాకా వెళ్లగలదు. మియురా ఆఖరి రకమైన ఎస్‌వీలో, అదీ చివర్లో వచ్చిన కొన్ని కార్లలోగానీ ఆ రెంటి ఆయిల్ వేరు చేయలేదు.

1965 టూరిన్ షోలో బాడీ లేకుండా ఛాసీ (కారు అడుగు చట్రం) మాత్రమే పెట్టారు. బరువు తగ్గాలని ఉక్కు రేకు నిండా రంధ్రాలు. దాని మీద బెర్తోనే సంస్థలో మార్చెల్లో గాందీనీ గీసిన బాడీ 1966లో జెనీవాలో కనిపించింది. నాకు అందులో బాగా నచ్చేది ఇంజిన్ మీది నల్లటి అడ్డపట్టీలు: వేడి పైకి పోతుంది, డ్రైవర్‌కి సందుల్లోంచి వెనక రోడ్డూ కనిపిస్తుంది.

పెట్రోల్ ట్యాంకు ముందు వైపు ఉంటుంది. అది ఖాళీ అయ్యేకొద్దీ ముందు చక్రాల మీద బరువు తగ్గి, ఎక్కువ స్పీడులో ముక్కు తేలినట్టవుతుంది.