ఆయుధాలు మారడం వల్లే యుద్ధం రూపం మారుతూ వచ్చిందా?

కొంతవరకేనండి. సైన్యం ఎంత దూరం పోగలదో, ఎన్నాళ్లు నిలవగలదో తేల్చేది తిండి, మేత, బండ్లు. బెంగళూరులో ఉన్న మనవాళ్లకు దీని ఉదాహరణ కేఆర్ మార్కెట్ పక్కనే ఉంది. ఆ పాతకోటే.

మైసూరు పాలకుడు టిప్పు సుల్తాన్ మీద యుద్ధంలో, 1791 మార్చి 7న బ్రిటిష్ గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ సైన్యం పేటను, అంటే కోట బయటి ఊరిని, పట్టుకుంది. కోటకు మాత్రం ఫిరంగులు పెట్టాల్సి వచ్చింది. గోడకు కన్నం పడితే సరిపోదు. రాళ్లు కందకంలోకి జారి, మనిషి నడిచి ఎక్కగలిగేంత వాలు ఏర్పడాలి. అందుకే గోడ కింది భాగంలో ఒకే వరసన కొడతారు. అక్కడ తెగితే పైది దానంతటదే కూలుతుంది. వాలు సరిగా రాకముందే మనుషుల్ని ఎక్కిస్తే కందకం దగ్గరే గుంపుగా ఇరుక్కుని తూటాలకు బలైపోతారు. మార్చి 21 రాత్రి గండిలోంచి చొరబడి కోట పట్టుకున్నారు. కిల్లేదారు, అంటే కోట అధిపతి, బహదూర్ ఖాన్ పోరాడుతూనే చనిపోయాడు. ఆ గండి ఎక్కడ పడిందో చెప్పే శిలాఫలకం ఇప్పటికీ కోట గోడకు ఉంది, వెళ్లి చూడండి.

ఇక అసలు సంగతి. గోడలు పగలగొట్టే 24 పౌండ్ల ఇనుప ఫిరంగి ఒక్కటే దాదాపు రెండున్నర టన్నులు, గుండు 11 కిలోలు. అంతా ఎద్దులే లాగాలి. టిప్పు సరిగ్గా అక్కడే కొట్టాడు: శ్రీరంగపట్నం దారిలో మేత తగలబెట్టించాడు, ఊళ్లు ఖాళీ చేయించాడు, కబురు మోసేవాళ్లను గుర్రపు దళాలతో పట్టించాడు. మే 15న అరికెరె దగ్గర కారన్‌వాలిస్‌దే గెలుపు. అయినా వానల్లో, మేత లేక ఎద్దులు చచ్చిపోతుంటే పెద్ద ఫిరంగులను తానే పాడుచేసి వెనుదిరిగాడు. సాయంగా వస్తున్న మరాఠాలు దగ్గర్లోనే ఉన్నారన్న కబురు కూడా అతనికి అందలేదు.

మైసూరు రాకెట్ల గురించి అందరూ చెబుతారు. ఇనుప గొట్టం వల్ల అవి దూరం పోయేవి, గుర్రాలను, ఎద్దులను బెదరగొట్టేవి. గురి మాత్రం నిలిచేది కాదు.

రెండోసారి కారన్‌వాలిస్ ముందు దారి చూసుకున్నాడు. అక్టోబరులో నందిదుర్గం, డిసెంబరులో సావనదుర్గం తీసుకున్నాక, లంబాడీల ఎద్దుల మీద ధాన్యం నిలకడగా చేరింది. 1792 ఫిబ్రవరి 6 రాత్రి శ్రీరంగపట్నం మీద దాడి చేశాడు. మార్చి సంధిలో టిప్పు సగం రాజ్యం, 3 కోట్ల 30 లక్షల రూపాయలు ఒప్పుకుని, ఇద్దరు కొడుకులను బందీలుగా పంపాడు.

ఆవిరి ఓడలు వచ్చాక కూడా గురిపెట్టింది ఇలాంటి సరఫరాల మీదే. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎమ్‌డెన్ చెన్నై మీద గుండ్లు కురిపించినప్పుడు ముందుగా అంటుకున్నవి రేవు దగ్గరి బర్మా ఆయిల్ ట్యాంకులు.